ఈస్టర్ దాకా విప్పకూడని సీసా

ముందు చప్పుడు వినిపించింది. చీకట్లో, నా మోచేతికి దగ్గరగా, రేకు మూత మెడ తిరిగి టకటకమని విరిగింది. ఆ వెంటనే గాజులోకి ధార. మొదట సన్నగా, తరువాత లావుగా, తరువాత ఏమీ లేకుండా.

వెస్ట్ మారేడ్‌పల్లిలో కరెంటు పోయింది. ఊర్మిళ కొవ్వొత్తి కోసం వంటింట్లో సొరుగులన్నీ లాగుతోంది. ఆశీష్ ఎవరి కాలో తొక్కి, తొక్కించుకున్నవాళ్ళకన్నా ముందు తానే కెవ్వుమన్నాడు.

"కొవ్వొత్తి దొరికేదాక ఊకె కూసుంటమా?" అంది ఒక గొంతు. "చీకట్ల సుత ముక్కు పని చేస్తది. పట్టుండ్రి, జెర పైలం."

చల్లని గ్లాసొకటి నా వేళ్ళను వెతుక్కుంటూ వచ్చింది.

ఊర్మిళ, ఆశీష్, నేను ఒకే స్కూల్లో పనిచేస్తాం. ఊర్మిళ లెక్కలు చెబుతుంది, ఆశీష్ పిల్లలచేత పాటలు పాడిస్తాడు, నేను లైబ్రరీ చూసుకుంటాను. చీకట్లో గ్లాసు అందించిన నాలుగో మనిషి ఊర్మిళకు చిన్ననాటి పొరుగు. మోండా మార్కెట్ వెనక సందులో వాళ్ళ నాన్న తుకారాం గారికి తరాజులు బాగుచేసే దుకాణం ఉంది. తండ్రీకొడుకులిద్దరూ అందులోనే కూర్చుంటారు. అందుకని అతన్ని అందరూ తరాజు అనే పిలిచేవారు. నేను అలా కూడా పిలవలేదు. 'ఇదిగో' అనేదాన్ని. అదీ రాకపోతే దగ్గేదాన్ని.

శనివారం సాయంత్రం ఊర్మిళ ఇంట్లో భోజనం. వంతుల వారీగా ఎవరో ఒకరు వైను సీసా తేవాలి. అది చవకదై ఉండాలి. ఖరీదైనది తెచ్చినవాళ్ళను ఊర్మిళ గుమ్మంలోనే నిలబెట్టి పరువు తీసేది. పేరు కనబడకుండా సీసాకు పేపరు చుట్టాలి. నలుగురూ రుచి చూసి తలా ఒక మాట చెప్పాలి. 'బాగుంది' అనకూడదు, 'బాగాలేదు' అనకూడదు. అన్నవాళ్ళు గిన్నెలు తోమాలి. అందరి మాటా అయ్యాకే పేపరు విప్పి పేరు చదవాలి.

గిన్నెలు నేను తోమిన శనివారాలే ఎక్కువ. మాటలు లేక కాదు. మాటలు నోటి దాకా వచ్చేవి. అక్కడ మనుషులను చూసి, వచ్చిన దారినే వెనక్కి పోయేవి.

ఆ సాయంత్రం మనుషులు కనబడలేదు.

తాగనని ముందే చెప్పాను. భస్మ బుధవారం వెళ్ళింది, శ్రమల కాలం మొదలైంది. ఈస్టర్‌కు ముందు ఆ నలభై రోజులూ మా ఇంట్లో తలా ఒకటి మానుకుంటాం. నాన్న కాఫీ మానుకున్నారు, అమ్మ టీవీ సీరియల్ మానుకుంది. నేను మానుకున్నది ఇంట్లో చెప్పుకోదగ్గది కాదు. నువ్వేం మానుకున్నావమ్మా అని నాన్న అడిగినప్పుడు స్వీట్లు అన్నాను. ఆ అబద్ధం నిజం కావడానికి స్వీట్లు కూడా మానుకోవలసి వచ్చింది.

అందువల్ల గ్లాసును ముక్కు దగ్గరకు మాత్రమే తెచ్చుకున్నాను. వాసన చూడకూడదని ఏ పాస్టరు గారూ చెప్పలేదు.

"దగ్గు మందు," అన్నాడు ఆశీష్. "మా తాతయ్యకి ఇచ్చేవాళ్ళు. ఆయన దగ్గు రాకపోయినా అడిగి తాగేవాడు."

"మన స్టాఫ్ రూము కర్టెన్," అంది ఊర్మిళ, గ్లాసుతో మళ్ళీ వంటింట్లోకి పోతూ. "ఉతికి ఆరేసినంక సుత దుమ్ము వాసన పోలే."

తరువాత నా వంతు. చీకట్లో నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"తడిసిన గోనెసంచి. లోపల నేరేడుపళ్ళు. మోసేవాళ్ళెవరో పరుగెడుతున్నారు."

వంటింట్లో సొరుగు చప్పుడు ఆగింది.

"ఎవరది మాట్లాడింది?" అన్నాడు అతను.

"ఇంకెవరు? మన హదస్సానే," అంది ఊర్మిళ.

"ఉత్తదే. హదస్సాకు బాగుంది అనుడు తప్ప ఇంకోటి వస్తదా?"

"తాగినోళ్ళకి మాటల్లేవు. తాగనమ్మకి నిషా ఎక్కింది!" అని ఆశీష్ చప్పట్లు కొట్టాడు.

కరెంటు వచ్చింది. వెలుతురుకు అందరం కళ్ళు చికిలించుకున్నాం. అతను గ్లాసు కింద పెట్టేసి నా వైపే చూస్తున్నాడు, ముల్లు నడిమికి వచ్చి ఆగేదాకా తరాజును చూసేవాడిలా.

ఆ రాత్రి నాకు కుదురు తప్పింది.

*

మా ఇల్లు పద్మారావు నగర్‌లో. నాన్న యేసుదాసు రైల్వే ఆఫీసులో పని చేసి రిటైరయ్యారు. ఇప్పుడు మా చర్చికి సెక్రటరీ. ఇంట్లోకి మద్యం వాసన రానివ్వరు. జలుబు మందు కొన్నా, కళ్ళజోడు పెట్టుకుని సీసా మీది చిన్న అక్షరాలన్నీ చదివి, అప్పుడు జేబులోంచి చెయ్యి తీస్తారు.

చర్చిలో రొట్టె, రసం పంచుకునే ప్రభువు బల్లకు రసం మా ఇంటినుంచే వెళ్తుంది. రసమంటే చారు కాదు. ఊర్మిళ మొదట్లో అలాగే అనుకుని, "చర్చిల చారు పోస్తరా మీకు? అన్నం సుత పెడ్తరా?" అని అడిగింది. నల్లద్రాక్ష ఉడికించి, బట్టలో వడగట్టి, చల్లార్చి సీసాల్లో పోసేదే మా రసం. పులవకూడదు, పులిసింది బల్ల మీదికి రాకూడదన్నది మా చర్చి కట్టడి. వెనక మా నానమ్మ కాచేది. ఆమె పోయాక ఆ గరిటె అమ్మ చేతికి వచ్చింది. అమ్మ పేరు ప్రేమమణి. చర్చిలో ఆమె పాట పాడదు, సాక్ష్యం చెప్పదు, కమిటీలో లేదు. రసం కాస్తుంది. ఆదివారం ఆ సీసాల బుట్ట పట్టుకుని మెట్లెక్కుతున్నప్పుడు ఆమె నడకలో ఒక నిటారుతనం ఉంటుంది.

ఆ ఫిబ్రవరిలోనే కాకినాడ సంబంధం వచ్చింది. డోరా గారని, నాన్నకు దూరపు చుట్టం. ఆమె కొడుకు ఆర్థర్. పోర్టు ఆఫీసులో ఉద్యోగం. అతను నాతో ఫోన్లో మాట్లాడాడు. నేను చదివే పుస్తకాల గురించి అడిగాడు, నేను చెప్పేదాకా ఆగాడు, చెప్పలేకపోతే నొచ్చుకోలేదు. మంచివాడు. నా కష్టమంతా అక్కడే ఉంది. వంక పెట్టడానికి అతనిలో ఏమీ దొరకలేదు.

శ్రమల కాలంలో మావాళ్ళు పెళ్ళి మాటలు ఖాయం చెయ్యరు. నాన్న నా ఎదుటే డోరా గారికి ఫోన్లో చెప్పారు: "ఈస్టర్ కానివ్వండి వదినగారూ. ఆ మధ్యాహ్నమే మాట అనేసుకుందాం." ఫోను పెట్టి నా వైపు తిరిగి, "ఏమ్మా?" అన్నారు.

నేను సరే అనలేదు. వద్దనీ అనలేదు. మా ఇంట్లో దాన్ని సరే అనే అంటారు.

ఈస్టర్ మధ్యాహ్నం దాకా నాకు గడువు.

*

శనివారాలు వచ్చాయి, పోయాయి. ఎండలు ముదిరాయి. ఊర్మిళ బగారా అన్నం వండింది, మిర్చీ బజ్జీలు వేసింది, ఒకరోజు పచ్చిపులుసు పెట్టింది. ఆ పచ్చిపులుసు ముందు ఏ వైనూ నిలబడలేకపోయింది. సీసా సగానికి సగం అలాగే ఉండిపోయింది. ఇంకో వారం ఆశీష్ గులాబీ రంగుది తెచ్చి, రుచి చూసి, తనే ముఖం ముడిచాడు. "పెళ్ళికి పిలిచి భోజనం పెట్టనివాళ్ళలా ఉంది ఇది." తెల్లది వచ్చిన రోజు, "చింతపండుతోని తోమిన రాగిచెంబు," అంది ఊర్మిళ. "తూకం సరిగ్గనే ఉంది. సంచిల మాత్రం ఏం లేదు," అన్నాడు అతను. నేను గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని, "ఎవరో లేచి వెళ్ళిపోయాక కుర్చీలో మిగిలిన వెచ్చదనం," అన్నాను.

కళ్ళు మూసుకుంటే చాలునని అప్పటికి నేర్చుకున్నాను. మూసుకుంటే మనుషులు ఉండరు. మనుషులు లేకపోతే మాటలు వెనక్కి పోవు.

నోటికి అందని దాన్ని ముక్కుతో ఎంత దూరం తరమగలం? నాలుక దాహంతో ఉండేది. లైబ్రరీలో చరిత్ర పుస్తకాలను సైన్సు అరలో సర్దాను. ఇంట్లో ఫ్యాను వేసేదాన్ని, ఆపేదాన్ని, మళ్ళీ వేసేదాన్ని. "ఏమిటే ఆ తిరుగుడు? పిల్లిలా," అనేది అమ్మ. స్వీట్లు మానేసినందుకు నీరసం వచ్చిందేమోనని నాన్న జాలిపడ్డారు.

భోజనాలయ్యాక అతను నన్ను స్కూటరు మీద చిలకలగూడ చౌరస్తా దాకా దింపేవాడు. అక్కడినుంచి ఇంటికి నేను నడిచి వెళ్ళేదాన్ని. ఆ చౌరస్తా దాటి అతను రాలేదు, నేను రమ్మనలేదు. ఒకరోజు ఇంజను ఆపాడు.

"నన్ను ఒక్కపారన్న పేరు పెట్టి పిలిచినవా నువ్వు?"

"పిలవకుండానే వింటున్నారు కదా."

"మా దుకాణంల పాత రాళ్ళకు సుత పేర్లున్నయి. సేరు, అచ్చేరు, పావుసేరు. నాకు లేదా పేరు?"

"ఉంది."

"మరి?"

"ఈస్టర్ తరువాత," అన్నాను. ఎందుకన్నానో తెలియదు, ఆ రోజుల్లో మా ఇంట్లో ప్రతిదానికీ అదే జవాబు.

అతను నవ్వాడు. "స్వీట్లు ఈస్టర్ తరువాత. వైను ఈస్టర్ తరువాత. నేను సుత గా లిస్టులనే ఉన్నానా?"

అప్పుడు కాకినాడ సంగతి చెప్పాను. కళ్ళు మూసుకోవలసి వచ్చింది. తెరిచేసరికి అతను బ్రేకు తీగను వేలితో మీటుతున్నాడు.

"నువ్వేమన్నవు?"

"ఏమీ అనలేదు."

"గదే తక్లీఫ్ నీతోని." తీగ వదిలి, "నేనొచ్చి మాట్లాడాల్నా?" అన్నాడు.

"వద్దు."

"అవ్, వద్దు. నేనొస్తే ఎవడో బయటోడు వచ్చి అడిగినట్టుంటది. నువ్వు చెప్తెనే అది మీ ఇంటి మాట అయితది." స్కూటరు తన్నాడు. అది మొదటిసారి కదలలేదు, రెండోసారీ కదలలేదు. "మా బాపు గిట్లనే అంటడు. ముల్లును వేలితోని ఆపొద్దురా, అదే ఆగాలె అని. కానీ ఎంతసేపు చూడాలె, చెప్పు? ముల్లు నీ దగ్గరుంది, పరేషాన్ నా దగ్గరుంది."

మూడో తన్నుకు స్కూటరు కదిలింది. నేను దగ్గాను.

*

ఈస్టర్‌కు వారం ముందు వచ్చే మట్టల ఆదివారానికి ముందురోజు, అదే చౌరస్తాలో, పేపరు చుట్టిన సీసా ఒకటి నా సంచిలో పెట్టాడు.

"ఇప్పుడు నా వంతు కాదే?"

"నీ వంతు కాదు. శనివారం బల్లకు కాదు. నీకు." వీధి దీపం వైపు చూస్తూ చెప్పాడు. "గోనెసంచి, నేరేడుపళ్ళు. ఆ దినందే. మల్లా జల్ది దొరకలే. బేగంపేట పోయిన, తార్నాక పోయిన. ఈస్టర్ నాడు మీ ఇంట్ల మాట అయినంకనే విప్పు."

"అవకపోతే?"

"కాకపోయినా విప్పు. పారబొయ్యకు."

ఆ సీసాను నా అల్మారాలో, చలికాలపు రగ్గు మడతల్లో దాచాను. తలుపు మూశాను. తీసి, ఉందో లేదో చూసి, మళ్ళీ మూశాను. మరునాడు చర్చిలో పిల్లలు ఈతమట్టలు ఊపుతూ పాడుతుంటే, నాన్న ముందు వరసలో నిలబడి చప్పట్లు కొడుతుంటే, నా ధ్యాసంతా ఆ రగ్గు మీద ఉంది. ఇరవయ్యారేళ్ళు వచ్చాక, మా నాన్న కప్పు కింద నేను మొదటిసారి దాచుకున్న వస్తువు అది. అతను ఇచ్చిన సీసాను దాచగలిగాను. అతని పేరును మాత్రం గుమ్మం దాటించి లోపలికి తేలేకపోయాను.

సోమవారం అమ్మ మోండా మార్కెట్ నుంచి ద్రాక్ష తెచ్చి రసం కాచింది. ఇల్లంతా తియ్యటి ఆవిరి. మంగళవారం మా వీధి చివర ట్రాన్స్‌ఫార్మరు ఢామ్మని పేలింది. బుధవారం కూడా కరెంటు రాలేదు. లైన్‌మన్ వచ్చి, స్తంభం ఎక్కి, దిగి, రేపంటూ వెళ్ళిపోయాడు. ఫ్రిజ్ తలుపు కిందనుంచి నీళ్ళు కారుతుంటే అమ్మ గోనె పట్టా పరిచింది. "రసం..." అని ఒకసారి అంది.

గురువారం సాయంత్రం ప్రభు రాత్రి భోజన ఆరాధన. నేను స్కూలునుంచి ఇంటికి పోకుండా నేరుగా చర్చికి వెళ్ళాను. అమ్మ అప్పటికే వచ్చి, తెల్లబట్ట కప్పిన బల్ల పక్కన, ఎప్పటి చోట నిలబడి ఉంది. ముఖం కడుక్కున్నట్టుగా ఉంది. ఆ ముఖంలో ఏమీ చదవలేకపోయాను.

మోకరించినవాళ్ళ ముందుకు పళ్ళెం వస్తుంది. అందులో వేలి కణుపంత గాజు కప్పులు. ఆ పూట ఒక పళ్ళెం సామ్యూల్ గారిది, మా చర్చి పెద్దల్లోకెల్లా పెద్దాయన, రెండోది నాన్నది. నా వరసకు నాన్న వచ్చారు.

కప్పు చేతికి రాకముందే వాసన వచ్చింది.

తడిసిన గోనెసంచి. నేరేడుపళ్ళు.

నా పాపమే నా ముక్కుకు తగులుతోందని అనుకున్నాను. తల ఎత్తాను. నాన్న వంగి, ఎంతో మెల్లగా, ఒక కప్పు నా చేతికి అందించారు. ఆయన చేతులు ఎప్పటిలాగే కొంచెం వణుకుతున్నాయి. తాగాను. మొదట మా అమ్మ కాచిన తీపి. దాని వెనకే, దాన్ని తోసుకుంటూ, ఎవరో పరుగెత్తుకుంటూ వచ్చారు. నలభై రోజులు ఎండిన నాలుక మీద ఆ పరుగు చాలాసేపు ఆగలేదు.

అందరి కళ్ళూ మూసి ఉన్నాయి. అమ్మ కళ్ళు మాత్రం తెరిచి, నా మీదే ఉన్నాయి.

ఆరాధన అయ్యాక మెట్ల దగ్గర సామ్యూల్ గారు ఆగారు. "వందనాలు ప్రేమమణమ్మా. ఈసారి ఏ ఊరి ద్రాక్షమ్మా? మీ అత్తగారి చేతి రసం గుర్తొచ్చింది. ఎన్నాళ్ళకు!"

"బజార్లో దొరికిందే అన్నయ్యగారూ," అంది అమ్మ, బుట్ట సర్దుకుంటూ.

ఇంటికి రాగానే అల్మారా తెరిచాను. రగ్గు లేదు. సీసా లేదు. సీసాకు చుట్టిన పేపరు మాత్రం నాలుగు మడతలతో, అంచుకు అంచు కలిపి, అరలో ఉంది. అంత సరిగ్గా మడతపెట్టేది మా ఇంట్లో ఒక్కరే.

*

మంచి శుక్రవారం మాట్లాడే రోజు కాదు. శనివారం మధ్యాహ్నం అమ్మ పెరటి గట్టు మీద కూర్చుని ఖాళీ సీసాలు కడుగుతోంది. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"ఫ్రిజ్‌లో పైన పెట్టినవి అన్నీ పొంగిపోయాయి," అంది. "మూత తీస్తే నురగ. అడుగున పెట్టిన ఒక్క సీసా నిలిచింది. అంతమందికి చాలదు."

"కొట్లో డబ్బా రసం..."

"రంగు నీళ్ళు బల్ల మీద పెట్టమంటావా?"

నేను కడిగిన సీసా ఒకటి అందుకుని తుడిచాను.

"నాది చెడి పులిసింది. నీది మంచిగా పులిసింది. ఉన్న సీసాలో దాన్ని కలిపాను. కానా ఊరి పెళ్ళిలో కూడా, ద్రాక్షారసం చాలదని ముందు చూసింది ప్రభువు తల్లే." సీసాలోకి చెయ్యి దూర్చి గుడ్డ తిప్పింది. "మీ నానమ్మ నాడు ఫ్రిజ్ ఎక్కడిదే? ఆవిడ సీసాలు ఎండాకాలంలో పులవకుండా ఉండేవా? సామ్యూల్ అన్నయ్య ఊరికే గుర్తుచేసుకోలేదు. కట్టడి కట్టడే. ఎండ ఎండే."

"అది అక్కడుందని నీకెలా తెలుసు?"

"వేసవి రాగానే రగ్గులు ఎండలో వేస్తానని నీకు తెలీదూ?"

తెలుసు. ప్రతి ఏడూ చూస్తున్నదే. దాచాలన్న తొందరలో, మా అమ్మ ఏటా మొదట దులిపే చోటే చూసి మరీ దాచాను.

"నాన్నకు చెప్పావా?"

"అడిగితే చెబుతాను. అడక్కుండా చెప్పే అలవాటు ఈ ఇంట్లో ఎవరికుంది గనక?" సీసాను బోర్లించింది. నీళ్ళన్నీ కారిపోయేదాకా చూసి, నా వైపు తిరగకుండానే అడిగింది. "ఎవరిచ్చారు?"

నేను దగ్గాను.

"దగ్గు మందు కావాలా?" అంది అమ్మ. తరువాత, గొంతు తగ్గించి, "రేపు మధ్యాహ్నం కాకినాడనుంచి ఫోను వస్తుంది. ఈలోపు ఆ దగ్గు తగ్గించుకో," అంది.

*

ఈస్టర్ నాడు తెల్లవారుజామున ఆరాధనకు వెళ్ళి వచ్చాం. నాన్న కాఫీ తాగారు; తాగి, మళ్ళీ తాగారు. మధ్యాహ్నానికి అమ్మ కోడికూర, బగారా అన్నం చేసింది. ముగ్గురం బల్ల దగ్గర కూర్చున్నాం. నాన్న ప్రార్థన చేసి, ముద్ద కలుపుతూ, ఎంతో తృప్తిగా అన్నారు.

"గురువారం రసం గురించి చెబుదామనుకుంటూనే ఉన్నాను, ప్రేమా. గొంతు దిగాక కూడా కాసేపు ఉంది. ఏం చేశావు ఈసారి?"

ఆయన అడిగారు.

"అందులో సగమే నేను కాచింది," అంది అమ్మ.

"మిగతా సగం?"

"అమ్మాయికి ఎవరో సీసా ఇచ్చారు. అది."

"ఏం సీసా?"

అమ్మ గిన్నె మూత తీసి ఆయన పళ్ళెంలో ఒక ముక్క వేసింది. నాన్న అమ్మను చూశారు, నన్ను చూశారు. ముద్ద కలుపుతున్న వేళ్ళు ఆగాయి.

"నేనే పళ్ళెం పట్టుకున్నాను," అన్నారు. గొంతులో కోపం ఇంకా రాలేదు, దారిలో ఉంది. "చర్చి అంతటికీ నా చేత్తోనే ఇచ్చాను."

"వణక్కుండా ఇచ్చారా ఏనాడైనా? ఆ రోజూ అలాగే ఇచ్చారు," అంది అమ్మ. "ప్రభువు బల్ల. ఆయన చూసుకుంటాడు. నన్ను అడగవలసినవి తరువాత తీరిగ్గా అడగండి, అన్నిటికీ చెబుతాను. ముందు దాన్ని అడగండి."

అప్పుడే ఫోను మోగింది. నాన్న పక్కనే, నీళ్ళ చెంబును ఆనుకుని ఉంది. డోరా గారి పేరు వెలుగుతోంది.

"మోగనివ్వండి," అంది అమ్మ.

"ఎవరమ్మా ఇచ్చింది?" అన్నారు నాన్న.

మాట నోటి దాకా వచ్చింది. అక్కడ నాన్న ఉన్నారు, అమ్మ ఉంది, మోగుతున్న ఫోను ఉంది. అది వెనక్కి తిరగబోయింది. నేను కళ్ళు మూసుకున్నాను.

"మోండా మార్కెట్ వెనక వాళ్ళకు తరాజుల దుకాణం ఉంది నాన్నా. వాళ్ళ నాన్నగారితో కలిసి బాగుచేస్తారు. నేను మాట మొదలుపెడితే అది ఎంతసేపటికి వచ్చినా మధ్యలో అందుకోరు. ఎండలో ఊరంతా తిరిగి, నేను ఒక్కసారి వాసన చూసి చెప్పిన దాన్ని వెతికి తెచ్చారు. నవ్వితే ముందు చెవులు కదులుతాయి. స్కూటరు బాగుండదు. నన్ను చౌరస్తాలో దింపి, నేను మలుపు తిరిగేదాకా లైటు ఆర్పరు." ఊపిరి తీసుకున్నాను. "కాకినాడ ఆయన మంచివారే. వద్దు నాన్నా."

నా జీవితంలో నాన్నతో ఒక్క బిగిన అన్ని మాటలు ఎప్పుడూ మాట్లాడలేదు.

"మన చర్చివాళ్ళేనా?"

"కాదు."

"మరి ఏ చర్చి?"

"ఏ చర్చీ కాదు నాన్నా."

ఫోను ఆగింది. ఫ్యాను చప్పుడు వినిపించింది. కోడికూర మీది ఆవిరి నా ముఖానికి తగులుతోంది. మళ్ళీ ఫోను మోగింది. ఈసారి నాన్న ఎత్తారు.

"వందనాలు వదినగారూ... ఆఁ, భోజనాల దగ్గరున్నాం... లేదు, లేదు. మా పిల్ల ఏదో చెబుతోంది. విని నేనే చేస్తాను."

ఫోను బల్ల మీద బోర్లా పెట్టిన చప్పుడు. కుర్చీ కిర్రుమంది. ఎవరో గ్లాసులోకి నీళ్ళు వంచుతున్నారు. మొదట సన్నగా, తరువాత లావుగా.

"ఇంతసేపూ ఇన్ని చెప్పావు," అన్నారు నాన్న. ఆయన గొంతు ఎక్కడిదో దూరపు స్టేషన్లోంచి వస్తున్నట్టుంది. "అతనికి పేరు లేదా?"

కళ్ళు తెరిచాను. ఇద్దరూ అక్కడే ఉన్నారు. నాన్న ముద్ద ఇంకా నోట పెట్టలేదు. అమ్మ చేతిలో చెంబు.

"ఉంది," అన్నాను. "హరికిషన్."